తక్కువ కేలరీలతో కడుపు నిండేదెలా?

1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసన్నా హోల్ట్, జెన్నీ బ్రాండ్ మిల్లర్ బృందం తిండి పదార్థాలకు ఒక విచిత్రమైన పోటీ పెట్టింది. బ్రెడ్, అన్నం, చేప, గుడ్డు, పండ్లు, కేకు, చిప్స్ ఇలా 38 రకాలను తీసుకున్నారు. ఒక్కోదాన్ని 240 కిలోకేలరీలు వచ్చేంత తూచి వాలంటీర్లకు పెట్టారు. తిన్నాక రెండు గంటల పాటు, ప్రతి పావుగంటకు, కడుపు ఎంత నిండుగా ఉందో అడిగి రాసుకున్నారు. ఆ తరువాత రకరకాల తిండి ముందు పెట్టి, ఎవరు ఎంత తిన్నారో కొలిచారు. తెల్ల బ్రెడ్‌కు 100 మార్కులని ముందే నిర్ణయించి, మిగతావాటికి దానితో పోల్చి మార్కులు వేశారు.

అట్టడుగున నిలిచింది వెన్న పొరలతో చేసే క్రోసాంట్. దానికి 47 మార్కులు. మన బేకరీల్లో దొరికే పఫ్‌కు అది దగ్గరి చుట్టం. మొదటి స్థానంలో నిలిచింది మాత్రం చాలామంది ఊహించనిది: ఉడికించిన బంగాళదుంప. దానికి ఏకంగా 323 మార్కులు వచ్చాయి. లావు తగ్గాలనుకున్న రోజున ఇంట్లో మొదట నిషేధం పడేది దాని మీదే! అదే దుంపను నూనెలో వేయించి ఫ్రెంచ్ ఫ్రైస్‌గా పెడితే 116, పలుచగా కోసి చిప్స్‌గా వేయిస్తే 91. దుంప ఒకటే, లెక్కగట్టిన కేలరీలూ ఒకటే. కానీ కడుపు వాటిని ఒకేలా చూడలేదు.

కారణం తక్కెడలో కనిపిస్తుంది. 240 కిలోకేలరీల ఉడికించిన దుంపలంటే దాదాపు 300 గ్రాములు. వాటిని తినడం పూర్తయ్యేసరికి నోరు అలసిపోతుంది. అన్నే కేలరీల చిప్స్ 45 గ్రాములకు మించవు. టీవీ చూస్తూ ప్రకటనల విరామం ముగిసేలోపు ఖాళీ చేసేంత ప్యాకెట్ అది.

ఈ తేడాను పట్టించుకోవాల్సిన అవసరం మన దగ్గర తక్కువేమీ కాదు. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం మహిళలు, దాదాపు 23 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. తెలంగాణ మహిళల్లో ఇది 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం. వీరిలో బరువు తగ్గాలని ప్రయత్నించేవారూ ఉన్నారు. ప్రయత్నం మధ్యలో ఆగిపోవడానికి మాత్రం 'నోరు కట్టుకోలేకపోవడం' కారణమని అందరూ తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు అన్యాయమైనదని హార్మోన్ల లెక్క చెబుతోంది. ఆస్ట్రేలియాలోనే జరిగిన మరో అధ్యయనంలో, అధిక బరువున్న 50 మందికి 10 వారాల పాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. బరువు తగ్గింది. అయితే ఆకలిని పెంచే ఘ్రెలిన్ అనే హార్మోను కూడా పెరిగింది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గాయి. ఏడాది గడిచాక చూసినా అవి పూర్తిగా పాత స్థితికి రాలేదు. 2011లో వెలువడిన ఈ ఫలితం అర్థం ఏమిటంటే, బరువు తగ్గిన మనిషి నిజంగానే ఎక్కువ ఆకలితో ఉంటాడు. అందుకే ఎంత తక్కువ తినాలి అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఏం తింటే ఆకలి తక్కువ పోరు పెడుతుంది అన్నది కూడా అడగాలి.

కడుపు ఎలా లెక్క పెడుతుంది?

జీర్ణాశయం గోడల్లో సాగుడును గుర్తించే నాడీ కొనలు ఉంటాయి. తిండి చేరి గోడలు సాగుతుంటే అవి వేగస్ నాడి ద్వారా మెదడుకు కబురు పంపుతాయి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది తిండి పరిమాణం. అది వరి అన్నమా, దోసకాయా అని ఆ నాడులు అడగవు. తరువాత తిండి చిన్నపేగులోకి దిగినప్పుడు రెండో లెక్క మొదలవుతుంది. కొవ్వు, మాంసకృత్తులు తగలగానే పేగు గోడ కణాలు కోలిసిస్టోకైనిన్, జీఎల్‌పీ-1, పీవైవై వంటి హార్మోన్లను వదులుతాయి. ఇవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, ఇక చాలు అని మెదడుకు చెబుతాయి. ఈ కబుర్లు చేరడానికి కొంత సమయం పడుతుంది. గబగబా తినేవారు కబురు చేరేలోపే రెండోసారి వడ్డించుకుంటారు.

ఈమధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్లుగా ప్రచారంలోకి వచ్చిన సెమాగ్లూటైడ్ వంటి మందులు జీఎల్‌పీ-1ను అనుకరించేవే. దాంతో ఫలానా గింజలు నానబెట్టి తాగితే 'సహజమైన' ఇంజెక్షన్ అనే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. తిండి వల్ల విడుదలయ్యే జీఎల్‌పీ-1 నిమిషాల్లో విరిగిపోతుంది. మందును మాత్రం వారం రోజులు శరీరంలో నిలిచేలా తయారుచేశారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

పరిమాణం లెక్కకు తిరిగి వస్తే, ఇక్కడ ఉపయోగపడే భావన శక్తి సాంద్రత. ఒక గ్రాము తిండిలో ఎన్ని కేలరీలున్నాయో చెప్పేది ఇదే. నీటికి అది సున్నా. పీచుకు చాలా తక్కువ. పిండి పదార్థాలకు, మాంసకృత్తులకు గ్రాముకు 4 కిలోకేలరీలు. కొవ్వుకు 9. దోసకాయ, సొరకాయ, బీరకాయ వంటివి 100 గ్రాములకు 15 కిలోకేలరీల దగ్గరే ఉంటాయి, వాటిలో అధిక భాగం నీరే కాబట్టి. వండిన అన్నం 130, బిస్కెట్లు 450కి పైన, నూనె 900.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ దశాబ్దాలుగా దీని మీదే పనిచేశారు. ఆమె ప్రయోగాల్లో మళ్లీ మళ్లీ కనిపించిన సంగతి: మనుషులు రోజూ తినే తిండి బరువు దాదాపు ఒకేలా ఉంటుంది, అందులోని కేలరీలు మాత్రం మారిపోతుంటాయి. అంటే కంచం ఖాళీగా కనిపించకుండానే కేలరీలు తగ్గించే వీలుంది.

నీళ్లు తాగితే సరిపోదా?

భోజనానికి ముందు చెంబుడు నీళ్లు తాగితే పనైపోతుందిగా అని ఎవరికైనా అనిపిస్తుంది. 1999లో రోల్స్ బృందం సరిగ్గా దీన్నే పరీక్షించింది. 24 మంది మహిళలకు మధ్యాహ్న భోజనానికి ముందు కోడిమాంసం, అన్నం, కూరగాయలు కలిపి వండిన ఒక వంటకం ఇచ్చారు. ఒక రోజు దాన్ని గట్టిగా అలాగే, ఒక రోజు అదే వంటకం పక్కన గ్లాసు నీళ్లతో, మరో రోజు అవే నీళ్లు అందులోనే పోసి సూప్‌గా ఇచ్చారు. మూడింటిలోనూ దినుసులు, కేలరీలు ఒకటే. పక్కన నీళ్లు తాగిన రోజున ఆ తరువాతి భోజనం ఏమాత్రం తగ్గలేదు. సూప్ తిన్న రోజున మాత్రం పావు వంతు తగ్గింది.

ఎందుకిలా జరుగుతుందో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎంఆర్‌ఐ స్కానర్‌తో కడుపులోకి చూసి తేల్చారు. అన్నం ముద్దతో పాటు తాగిన నీటిని జీర్ణాశయం జల్లెడ పట్టినట్టు వేరుచేసి ముందుగా పేగులోకి పంపేస్తుంది. ఘనపదార్థం మాత్రమే లోపల మిగులుతుంది. అవే రెండూ కలిపి రుబ్బి చిక్కటి సూప్‌గా చేస్తే వేరుచేయడం కుదరదు. కడుపు ఎక్కువసేపు ఉబ్బి ఉంటుంది.

ఈ రెండు ప్రయోగాలు చదివినప్పుడు తెలుగువారికి తమ వంటిల్లు గుర్తుకు రాకుండా ఉండదు. పప్పుచారు, ముక్కల పులుసు, తోటకూర పప్పు, జొన్న అంబలి, రాగి సంగటి అన్నీ నీటిని తమలో పట్టి ఉంచుకునే వంటలే. పలుచని చారు అంతగా కాదు. అందులో ఘనం తక్కువ కాబట్టి అది నీటిలాగే త్వరగా దిగిపోతుంది. పప్పుచారులో సొరకాయ ముక్కలు, మునక్కాడలు, ఉల్లిపాయలు దండిగా వేసి, అన్నం కంటే ముక్కలు ఎక్కువగా కలుపుకుంటే అది రోల్స్ సూప్‌కు ఏ విధంగానూ తీసిపోదు.

అన్నమా, చపాతీయా అన్న పాత తగవు కూడా ఇక్కడే తేలుతుంది. రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటున్నామని గర్వంగా చెప్పేవారు చాలామంది. పొడి గింజగా చూస్తే బియ్యం, గోధుమ పిండి, రాగులు అన్నీ 100 గ్రాములకు 320 నుంచి 350 కిలోకేలరీల మధ్యే. వండాక లెక్క తిరగబడుతుంది. బియ్యం తన బరువుకు రెండింతల దాకా నీళ్లు తాగి అన్నమవుతుంది. చపాతీ పెనం మీద నీళ్లు పోగొట్టుకుంటుంది. అందుకే గ్రాముకు గ్రాము పోలిస్తే చపాతీలోనే కేలరీలు ఎక్కువ. సిడ్నీ ప్రయోగంలో తెల్ల అన్నానికి బ్రెడ్ కంటే ఎక్కువగా 138 మార్కులు రావడానికి కారణం కూడా బహుశా ఇదే. చపాతీ వల్ల కొందరు తగ్గుతున్నారంటే, వాళ్లు రెండో మూడో లెక్కపెట్టి తింటారు కాబట్టి. అన్నాన్ని ఎవరూ లెక్కపెట్టరు, గరిటెతో గుట్టగా వేసుకుంటారు. రాగి, జొన్నలకు ఉన్న ఆధిక్యం పీచులో ఉంది. రాగుల్లో 100 గ్రాములకు 11 గ్రాముల పీచు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. అయితే ఆ రాగులతో చేసిన బిస్కెట్లు బిస్కెట్లే. వాటిలో నీరు లేదు, వెన్న ఉంది.

సొరకాయ కూర లెక్క

మంచి కూరగాయ కొన్నంత మాత్రాన పని పూర్తికాదు. అర కిలో సొరకాయ ముక్కల్లో 70 కిలోకేలరీలకు అటూ ఇటూగా ఉంటాయి. దాన్ని వండేటప్పుడు మూకుట్లో నాలుగు పెద్ద చెంచాల నూనె పోస్తే, ఆ నూనె ఒక్కటే 480. ఇప్పుడు కూర మొత్తం 550. అందులో ఏడో వంతు దాటి సొరకాయ లేదు! తింటున్నది సొరకాయ అనుకుంటూ నిజానికి నూనె తింటున్నారన్నమాట. రెండు చిన్న చెంచాలతో తాలింపు పెట్టి, మూతపెట్టి, సొరకాయ వదిలిన నీటిలోనే మగ్గనిస్తే మొత్తం 160తో సరిపోతుంది. వంకాయ, బెండకాయ వేపుళ్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. వంకాయ గుజ్జు స్పాంజిలా ఉండి, వేడికి లోపలి గాలి బయటికి పోగానే ఆ ఖాళీల్లోకి నూనెను పీల్చుకుంటుంది. వేపుడు అంటేనే కూరలోని నీటిని తరిమేసి ఆ చోట నూనెను కూర్చోబెట్టడం. కడుపు నింపే గుణం ఏ నీటిలో ఉందో ఆ నీరే మాయమవుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన భారతీయుల ఆహార మార్గదర్శకాలు 2000 కిలోకేలరీల రోజువారీ కంచానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే కేటాయించాయి. అంటే రెండు పెద్ద చెంచాలు. అదే కంచంలో కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులో మాంసమో గుడ్లో 85 గ్రాములు. సగటు తెలుగు భోజనం దీనికి తలకిందులుగా ఉంటుంది. అన్నం కుప్ప, పక్కన చెంచాడు వేపుడు, మీద ఆవకాయ, ఆవకాయ ఉందంటే దాని వెనకే నెయ్యి. ఆవకాయను వదిలేయమని చెప్పే ధైర్యం ఏ శాస్త్రానికీ లేదు. నెయ్యి చెంచాను చిన్నది చేసుకోమనడం వరకే.

మాంసకృత్తులది మరో దారి. అవి బరువుతో కాక హార్మోన్లతో పనిచేస్తాయి. 2005లో అమెరికాలో 19 మందిపై జరిగిన అధ్యయనంలో, ఆహారంలో మాంసకృత్తుల నుంచి వచ్చే కేలరీల వాటాను 15 శాతం నుంచి 30 శాతానికి పెంచి, ఆపైన ఇష్టమొచ్చినంత తినమన్నారు. ఎవరూ చెప్పకుండానే వాళ్లు రోజుకు సగటున 441 కిలోకేలరీలు తక్కువ తిన్నారు. 12 వారాల్లో దాదాపు 5 కిలోలు తగ్గారు. మన సాధారణ భోజనంలో 30 శాతం చేరడం కష్టం, అందరికీ అవసరమూ కాదు. కానీ ఉదయం మినపట్టు, ఉప్మాల స్థానంలో తక్కువ నూనెతో పెసరట్టు, సాయంత్రం మిక్చర్ బదులు శనగ గుగ్గిళ్లు, మధ్యాహ్నం ఒక గుడ్డో చేప ముక్కో, లేదంటే ఇంకో గరిటె ముద్దపప్పు అన్నవి ఏ ఇంట్లోనైనా కుదిరేవే. గుగ్గిళ్ల ప్రత్యేకత ఏమిటంటే నీరు, పీచు, మాంసకృత్తులు మూడూ ఒకేచోట దొరుకుతాయి. పైగా నమలక తప్పదు.

నమలడానికి ఉన్న విలువను 1977లోనే బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో కొలిచారు. అవే పిండి పదార్థాలున్న ఆపిల్ పండ్లు, ఆపిల్ గుజ్జు, పీచు తీసేసిన ఆపిల్ రసం మూడూ ఇచ్చి చూశారు. పండు కంటే రసం 11 రెట్లు వేగంగా కడుపులోకి పోయింది. కడుపు నిండినట్టు అనిపించడంలో పండు ముందు, గుజ్జు తరువాత, రసం చివర. వేసవిలో బండి దగ్గర తాగే బత్తాయి రసం గ్లాసులో మూడు నాలుగు కాయలుంటాయి. కూర్చుని తొనలు ఒలుచుకు తినేవారు రెండో కాయకే ఆపేస్తారు. పలుచని మజ్జిగలో కేలరీలు చాలా తక్కువ కాబట్టి దాహానికి అది మేలు. లస్సీ మజ్జిగ కాదు.

నీటికి బదులు గాలి కూడా కొంత పని చేస్తుంది. రోల్స్ బృందమే 28 మంది పురుషులకు ఒకే కేలరీల పెరుగు పానీయాన్ని గాలి కొట్టి 300, 450, 600 మిల్లీలీటర్లుగా ఇచ్చింది. పెద్ద గ్లాసు తాగిన రోజున తరువాతి భోజనం 12 శాతం తగ్గింది. మరమరాలు, పేలాలు ఈ కోవలోవే. 30 గ్రాముల మరమరాలు పెద్ద గిన్నె నిండా వస్తాయి, కేలరీలు 110 దగ్గర ఆగుతాయి. ఉల్లి, టమాటా, నిమ్మరసం కలిపితే బాగుంటుంది. నూనెలో వేయించిన అటుకులు, కారప్పూస తోడయ్యాయంటే లెక్క మారిపోతుంది.

పల్లీలది కాస్త చిక్కు. సిడ్నీ జాబితాలో వాటికి 84 మార్కులే, ఎందుకంటే 240 కిలోకేలరీల పల్లీలంటే గుప్పెడు మించి రావు. అలాగని గింజలు లావెక్కిస్తాయనుకోవడం పొరపాటు. గట్టి కణ గోడల మధ్య చిక్కుకున్న కొవ్వులో కొంత జీర్ణం కాకుండానే బయటికి పోతుంది. బాదంపప్పు విషయంలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2012లో దీన్ని కొలిచి, లేబుల్ మీద రాసిన కేలరీల్లో దాదాపు పావు వంతు శరీరానికి చేరడం లేదని చూపారు. గుప్పెడు దగ్గర ఆగగలిగితే పల్లీలు మంచివే. పొడిచేసి నూనెతో పచ్చడి నూరితే ఆ కణ గోడలు కూడా పగిలిపోతాయి.

ఎంతవరకు నమ్మవచ్చు?

సిడ్నీ ప్రయోగంలో ఒక్కో పదార్థాన్ని తిన్నది 11 నుంచి 13 మందే. కొలిచింది రెండు గంటలు. రెండు గంటల నిండుదనం ఆరు నెలల్లో బరువుగా మారుతుందన్న హామీ అందులో లేదు. ఉడికించిన దుంపకు మొదటి స్థానం వచ్చింది కదా అని మధుమేహం ఉన్నవారు దాన్ని గిన్నెడు తింటే రక్తంలో చక్కెర త్వరగా ఎగబాకుతుంది.

ఎక్కువ కాలం సాగిన పరీక్ష 2007లో వచ్చింది. ఊబకాయమున్న 97 మంది మహిళలను రోల్స్ బృందం రెండుగా విడదీసింది. ఒక జట్టుకు కొవ్వు తగ్గించమని చెప్పారు. రెండో జట్టుకు కొవ్వు తగ్గించడంతో పాటు నీరు ఎక్కువున్న కూరగాయలు, పండ్లు పెంచమన్నారు. ఏడాది తరువాత మొదటి జట్టు సగటున 6.4 కిలోలు, రెండోది 7.9 కిలోలు తగ్గాయి. కిలోన్నర తేడా అద్భుతమేమీ కాదు. కానీ రెండో జట్టువారు బరువు లెక్కన ఎక్కువ తిండి తిన్నారు, ఆకలి తక్కువగా ఉందని చెప్పారు. ఏడాది పాటు ఆహార నియమం పాటించిన ఎవరినైనా అడిగితే ఆ రెండో ఫలితం విలువెంతో చెబుతారు.

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ నడిపిన ప్రయోగం మరో కోణం చూపింది. 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన ప్యాకెట్ ఆహారాలు, రెండు వారాలు ఇంటి వంటలాంటివి పెట్టారు. వడ్డించిన వాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానమే. ఇష్టమున్నంత తినవచ్చు. ప్యాకెట్ ఆహారం తిన్న రోజుల్లో వాళ్లు 500 కిలోకేలరీలు అదనంగా తిన్నారు, వేగంగానూ తిన్నారు. రెండు వారాల్లో 0.9 కిలో పెరిగారు. ఇంటి వంటతో అంతే తగ్గారు. పీచును లెక్క సరిచేయడానికి పానీయాల్లో కలిపి ఇవ్వాల్సి వచ్చింది. దాంతో పానీయాలు వదిలేసి చూస్తే ప్యాకెట్ ఆహారపు శక్తి సాంద్రత చాలా ఎక్కువగా తేలింది.

చంటిపిల్లల గిన్నె వేరు

పెద్దలకు మేలుచేసే గుణమే చంటిపిల్లలకు కీడు. ఏడాది పిల్లవాడి కడుపు చిన్నది, ఎదుగుదలకు కావలసిన కేలరీలు మాత్రం వయసుకు మించినన్ని. పలుచని జావ, చారు అన్నం పెడితే కడుపు నిండి ఏడుపు ఆగుతుంది కానీ ఎదుగుదల ఆగిపోతుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగిన ఎత్తు లేరని చెప్పింది కూడా అదే ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే. ఒకే ఇంట్లో తల్లికి బరువు ఎక్కువ, బిడ్డకు తక్కువ ఉండటం మన దేశంలో వింతేమీ కాదు. అందుకే అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడితో పాటు నూనె, చక్కెర కూడా చేరుస్తారు. ఇంట్లో పెద్దవాళ్ల కోసం నూనె తగ్గించి వండిన పప్పును చంటివాడికి పెట్టేముందు మెత్తగా మెదిపి, గట్టి ముద్దగా చేసి, చెంచా నెయ్యి కలపాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అనుకోకుండా బరువు తగ్గుతున్న వృద్ధులు కూడా ఈ పద్ధతికి దూరంగా ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచే ముందు డాక్టరును అడగాలి. పీచు అలవాటు లేనివారు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం వస్తుంది కాబట్టి రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. ఇన్సులిన్ లేదా చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడుతున్నవారు ఒక్కసారిగా అన్నం సగానికి తగ్గించి కూరలు పెంచితే, పాత మోతాదు మందుకే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు గురించి మాట్లాడాకే కంచం మార్చాలి.